వణకని చెయ్యి

బోధకుడు మత్తన్యాకు ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. క్షమించడమంటే ఏమిటని అడిగినవాణ్ణి వాడికి గిట్టనివాడి పొలంలో రాళ్ళేరడానికి పంపాడు. ఉపవాసం దేనికని అడిగినవాడి చేత వారం రోజులు ఊళ్ళో ముసలివాళ్ళకు రొట్టెలు కాల్పించాడు. మా గురువుగారి జవాబు తెలియాలంటే రెండు జతల చెప్పులు అరగాలని శిష్యులు చాటున నవ్వుకునేవాళ్ళు. యూదయ కొండల్లో దానిమ్మ తోటల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా మగపిల్లలకు సున్నతి చేసేది కూడా ఆయనే. బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు పొద్దున, చంకలో కత్తి ఉన్న చిన్న గుడ్డచుట్టతో ఆయన ఏ గుమ్మం ఎక్కితే ఆ ఇంట్లో పండగ.

ఆయన దగ్గర అజర్యా అనే పాతికేళ్ళ శిష్యుడుండేవాడు. ఎక్కడో పట్నం నుంచి వచ్చి రెండేళ్ళయింది. ఒకసారి విన్నది మరవడు. ఎదుటివాడు తప్పు చదివితే వాడు వాక్యం ముగించేదాకా కూడా ఆగడు. ఒకనాడు పాఠం అయ్యాక అతను లేచి అడిగాడు. మన మూలపురుషుడు అబ్రాహాముతో దేవుడు చేసిన ఒడంబడికకు, అదే నిబంధనకు, సున్నతి గుర్తు అన్నారు, ఆ గుర్తు లేని మగవాణ్ణి జనంలోంచి కొట్టివేయాలన్నారు. అయితే నిబంధన అంటే ఆ కోతేనా, ఆ కోత వెనక ఇంకేదైనా ఉందా అని. అడిగినవాడికి జవాబు తెలుసు. తనకు తెలుసని పదిమందికీ తెలియడానికే అడిగాడు. మత్తన్యా, "ముందు నా కత్తి సాన పట్టు," అన్నాడు.

అజర్యాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. గురువుగారు ఇక కత్తి తన చేతికి ఇవ్వబోతున్నారని అనుకున్నాడు. అలా అనుకోవడానికి కారణముంది. కొన్నేళ్ళుగా మత్తన్యా కుడిచెయ్యి వణుకుతోంది. రొట్టె ముంచితే సగం పులుసు గడ్డం మీద పడుతుంది. సున్నతి చేసేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క క్షణంలో పని ముగిస్తాడు. అజర్యా చెయ్యి మాత్రం రాయి. ద్రాక్షారసపు తిత్తులు కుట్టే షల్లూము ఇంటికి పోయి, మేకపిల్ల తోలు తునకలు తెచ్చుకుని, ఉల్లిపొర కన్నా పలచగా కోసి అలవాటు చేసుకున్నాడు.

ఆ షల్లూము ఇంట్లోనే ఒకసారి వాళ్ళు భోజనం పెడితే తిన్నాడు. చిరుశెనగల కూర. రెండు ముద్దలు తిని, "ఏమమ్మా, ఈ ఇంట జీలకర్రకు కరువొచ్చిందా?" అని నవ్వుతూ అడిగాడు. షల్లూము భార్య తిర్సా అప్పుడు నిండు గర్భిణి. ఆమె నవ్వలేదు. నీళ్ళ చెంబు అతని పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. షల్లూము తల వంచుకుని తింటూ ఉండిపోయాడు. తన హాస్యం వాళ్ళకు అర్థం కాలేదనుకున్నాడు అజర్యా. చదువుకున్నవాడికి అదొక సుఖం, ఎదుటివాడు మౌనంగా ఉంటే వాడికి తెలివి లేదనుకోవచ్చు.

పది రోజులకు తిర్సాకు మగబిడ్డ పుట్టాడు. అంతకు ముందు ఆ ఇంట్లో ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఇద్దరికీ ఎనిమిదో రోజున సున్నతి జరిగింది, ఇద్దరికీ నెత్తురు ఆగలేదు. మొదటివాడు ఆ సాయంత్రానికి పోయాడు. రెండేళ్ళ తర్వాత పుట్టినవాడు మర్నాటి మధ్యాహ్నం దాకా ఉన్నాడు. రెండోవాడి ఎనిమిదో రోజుకు ముందు తిర్సా మత్తన్యా కాళ్ళు పట్టుకుని, కొన్నాళ్ళు ఆగమని బతిమాలింది. ఎనిమిదో రోజంటే ఎనిమిదో రోజేనని, దేవుడి మాటకు మనం వాయిదాలు వేయకూడదని ఆయన చెప్పాడు. ఇది జరిగి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఆయన తనకన్నా పెద్దలైన బోధకులను వెతుక్కుంటూ ఊరూరా తిరిగాడు. కొన్ని ఇళ్ళలో పిల్లలకు నెత్తురు గడ్డకట్టదని, ఇద్దరు అలా పోయిన ఇంట్లో మూడోవాడి జోలికి కత్తి పోకూడదని వాళ్ళు చెప్పారు. అందుకే ఈ బిడ్డ పుట్టిన మూడో రోజునే షల్లూము ఇంటికి పోయి, వీడికి సున్నతి వద్దు, చేయకపోయినా వీడు మనవాడే అని చెప్పి వచ్చాడు. ఆ మాట విని షల్లూము గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడట.

కానీ ఊరు ఊరుకుంటుందా? పక్కింటి బిడ్డ ఒంటి మీద కోత ఉందా లేదా అని తొంగిచూసేవాళ్ళకు ఏ కాలంలోనూ, ఏ దేశంలోనూ కొదవ లేదు. కడుపుకోత సంగతి మాత్రం ఒక్కరూ అడగరు. సమాజ మందిరం పెద్ద గేరా తిత్తుల అంగడి ముందు నిలబడి, రేపు పెద్దయ్యాక సున్నతి లేనివాళ్ళు తినకూడని పస్కా పండగ విందుకు నీ కొడుకును కుక్కల పక్కన కూర్చోబెడతావా అని షల్లూమును అడిగాడు. అది చాలదన్నట్టు అయిదో రోజున అజర్యా వెళ్ళాడు. అతను చెడ్డవాడు కాదు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. మా గురువుగారి చెయ్యి వణుకుతుంది, ఆ ఇద్దరు పిల్లలూ పోయింది ఆ వణుకు వల్ల, ముసలాయన అది ఒప్పుకోలేక నెత్తురు మీదికి నెడుతున్నాడు, నా చెయ్యి చూడు అంటూ అరచెయ్యి చాపి షల్లూము ముఖం ముందు నిలిపాడు. ఒక్క వేలు కదల్లేదు.

మర్నాడు షల్లూము మత్తన్యా ఇంటికి వచ్చాడు. తలపాగా చేతిలో నలుపుతూ చాలాసేపు నిలబడి, మీ మీద గౌరవం లేక కాదని, తన కొడుకు జనంలో ఒకడు కాకుండా పోతే తాను చచ్చినా కళ్ళు మూయలేనని, ఈసారి పని అజర్యా చేత చేయించమని అడిగాడు. ఎందుకు అజర్యా చేత అని మత్తన్యా అడగలేదు. శిష్యుడి వైపు చూశాడు. శిష్యుడు సానరాయి వైపు చూశాడు. ముసలాయన కుడిచెయ్యి మోకాలి మీద దానంతట అదే తడబడుతోంది. ఎడమచేత్తో దాన్ని కప్పుకున్నాడు. "సరే. ఎల్లుండి పొద్దున ఇద్దరం వస్తాం," అన్నాడు. అజర్యా ఆ రెండు రోజులూ కత్తిని ఎంత సాన పట్టాడంటే, దాని అంచు మీద వెలుగు నిలవలేక జారిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున మత్తన్యా గుడ్డచుట్ట తన చంకలోనే పెట్టుకున్నాడు. అజర్యా ద్రాక్షారసం, ఒలీవ నూనె, జీలకర్ర మూట పట్టుకున్నాడు. కోసిన చోట రసం, నూనె అద్ది, మెత్తగా నమిలిన జీలకర్ర పెట్టడం ఆ ఊరి పద్ధతి. షల్లూము గుమ్మం ముందు మత్తన్యా ఆగి, జీలకర్ర మూట బయటే పెట్టమన్నాడు. ఎందుకని అజర్యా అడిగితే, ఆ ఒక్కసారికి పని చెప్పకుండా జవాబే చెప్పాడు. మామూలుగా జీలకర్ర మంత్రసాని నములుతుంది. తిర్సా తన బిడ్డలకు తనే నమిలింది. నెత్తురు ఆగకపోయేసరికి నములుతూనే ఉంది. దవడలు బిగుసుకుపోయాయి. చేటలోది అయిపోతే ఇరుగుపొరుగు తెచ్చి పోశారు, అదీ నమిలింది. రెండుసార్లూ అంతే. అప్పటినుంచి ఆ వాసన ఆ ఇంట్లోకి రాలేదు. అజర్యాకు చిరుశెనగల కూర గుర్తొచ్చింది. ముఖం వేడెక్కింది. అయినా, పాపం ఆమెకు ఈ రోజుతో ఆ భయం పోతుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు.

వాకిలి నిండా మనుషులు. గేరా ముందు వరసలో కూర్చున్నాడు. ఒక మూల తిత్తులు, ఒక మూల షల్లూము పనిముట్ల పెట్టె. ఒడిలో దిండు పెట్టుకుని, బిడ్డను పట్టుకోవడానికి షల్లూము పీట మీద కూర్చున్నాడు. అతని పెదవులకు రంగు లేదు. బిడ్డను లోపలి గది గుమ్మం దగ్గర తల్లి చేతుల్లోంచి అందుకోవాలి. కోయబోయేవాడే అందుకోవాలి. నువ్వే వెళ్ళు అన్నట్టు మత్తన్యా తల ఊపాడు.

తిర్సా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏడుస్తుందని, అడ్డు పడుతుందని, బిడ్డను ఇవ్వననే అంటుందని అజర్యా అనుకున్నాడు. అలా అంటే ఏమేం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుని వచ్చాడు. ఆమె అవేవీ చేయలేదు. పాలు తాగి వెక్కిళ్ళు పెడుతున్న బిడ్డ వీపు తడుతూ, అతని చేతుల వైపు చూసింది.

"నీ చెయ్యి వణకదటగా, నాయనా," అంది.

వణకదమ్మా, భయపడకు అన్నాడు అతను.

"ఆయనదీ వణకలేదు. రెండుసార్లూ నేను ఆయన చెయ్యే చూస్తూ ఉన్నాను. నీ చేతిలాగే రాయిలా ఉంది. రెండోవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన రోజు మా ఇంట్లో నీళ్ళు తాగాడు. చెంబు నిలవలేదు. ఆ వణుకు అప్పుడు వచ్చింది."

మూడు రోజుల కింద షల్లూముతో తాను చెప్పిందేమిటో, అతని ముఖం ముందు చాపి చూపించిందేమిటో అజర్యాకు అప్పుడు కనిపించింది. చెయ్యి వణికి బిడ్డలు పోలేదు. బిడ్డలు పోయాక చెయ్యి వణికింది. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి గ్రంథాలు అక్కర్లేదు, ఆ ముసలాయన రొట్టె ముంచుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని ఒక్కసారి అడిగితే సరిపోయేది. తిర్సా బిడ్డ నుదురు మీద పెదవులు ఆనించి, బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. పెట్టి, కొంగు సర్దుకుంటూ, ఒక చిన్న పని అడిగినట్టు అడిగింది.

"పేరు ముందు పెట్టించు, నాయనా. కోసిన తర్వాత పెట్టడం పద్ధతి, తెలుసు. పెద్దవాణ్ణి యాషూబూ అని నాలుగుసార్లు పిలిచాను. రెండోవాడికి ఏలోను అని పెట్టారు. వాడు మర్నాటిదాకా ఉన్నాడు గానీ, నోటి నిండా జీలకర్ర, పిలవలేకపోయాను. వీణ్ణి కాసేపు పిలుచుకోనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

ఆమె బిడ్డను బతికించమని అడగలేదు. అడిగి, కాళ్ళు పట్టుకుని, ఒకసారి చూసింది. మనుషుల దగ్గర ఇంకేం దొరకదని తేల్చుకున్నాక ఒక తల్లి అడిగేది ఇంతే ఉంటుంది. నిబంధన నిబంధన అని గొంతు చించుకునేవాళ్ళు ఆ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఉండాల్సింది. అజర్యా ఒక్కడే నిలబడ్డాడు. బిడ్డ వెక్కిన ప్రతిసారీ ఆ కుదుపు అతని మోచేతుల దాకా వచ్చింది.

వాకిట్లోకి వచ్చి, బిడ్డను షల్లూము దిండు మీద పెట్టకుండానే, "అయ్యా, ముందు పేరు పెట్టండి," అన్నాడు. జనంలో గుసగుస లేచింది. ఇదెక్కడి చోద్యం, పట్నంలో ఇలా చేస్తారు కాబోలని ఎవరో అన్నారు. మత్తన్యా షల్లూము దగ్గరికి పోయి చెవి ఒగ్గి పేరు తెలుసుకున్నాడు. బిడ్డ తల మీద ఆ వణికే చెయ్యి ఉంచి, ఇశ్రాయేలులో ఇతని పేరు షల్లూము కొడుకు యామీను అని పలికాడు. లోపలి గదిలోంచి తిర్సా పిలుపు వినిపించింది. యామీనూ అని ఒకసారి. మళ్ళీ ఒకసారి. తర్వాత ఇక ఆపలేదు. వంట చేస్తూ వాకిట్లో ఆడుకునే బిడ్డను పిలిచినట్టు, మామూలుగా, మళ్ళీ మళ్ళీ పిలుస్తూనే ఉంది. వాకిట్లో ఆడవాళ్ళు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు.

గేరా గొంతు సవరించుకుని, వేళ దాటిపోతోంది, ఇక కానివ్వమన్నాడు. అజర్యా తన వల్ల కాదన్నాడు. రెండేళ్ళుగా తోళ్ళు కోసి నేర్చుకున్నది ఇందుకేనా అని గేరా వెక్కిరించి, లేచి వచ్చి, మత్తన్యా చంకలోని గుడ్డచుట్ట లాగి విప్పాడు. అందులోంచి సానరాయి ధడేలుమని నేలమీద పడింది. కత్తి లేదు.

మత్తన్యా కిందికి చూశాడు. "కత్తి అనుకుని రాయి తెచ్చినట్టున్నాను. ముసలితనం, గేరా," అన్నాడు.

ఆ ముఖంలో ముసలితనపు మతిమరుపు ఏమీ లేదని అజర్యాకు తెలుసు. ఆ కత్తి ఆ గుమ్మం దాటకూడదని ఆయన ముందే నిశ్చయించుకున్నాడు. గేరాకు ఒళ్ళు మండింది. తోలు పనివాడి ఇంట్లో కత్తులకేం తక్కువ, తెరువు ఆ పెట్టె అని షల్లూమును గద్దించాడు. షల్లూము పీట మీది నుంచి లేచాడు. మూల ఉన్న పెట్టె దాకా నడిచాడు. అందరూ అతని చేతుల వైపు చూస్తున్నారు. లోపలి నుంచి యామీనూ అన్న పిలుపు వస్తూనే ఉంది. అతను పెట్టె మూత మీద చెయ్యి ఆనించి, అలాగే తిరిగి, దాని మీద కూర్చున్నాడు.

"ఇవి తోళ్ళు కోసే కత్తులు, పెద్దాయనా," అన్నాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి గానీ గొంతు తొణకలేదు.

గుర్తు లేనివాడు జనంలో లెక్కకు రాడని గేరా అరిచాడు. ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు కావలసిన చోట వీణ్ణి పదోవాడిగా నిలబెట్టనివ్వనన్నాడు. నన్ను తీసేసి వాణ్ణి నిలబెట్టుకో, నిబంధనకు నాకంటే ఎక్కువ ఇచ్చిన ఇంట్లో పుట్టాడు వాడు అన్నాడు మత్తన్యా. గేరా లేచిపోయాడు. వచ్చినవాళ్ళలో సగానికి పైగా అతని వెనకే పోయారు. వండిన వంటలు వండినట్టే ఉండిపోయాయి. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి పని చేస్తే ఊరు మెచ్చుకుంటుందని ఎవరైనా అనుకుంటారేమో. మెచ్చుకోలేదు. షల్లూము తిత్తులు కొనేవాళ్ళు తగ్గారు. మత్తన్యా శిష్యుల్లో చాలామంది గేరా దగ్గరికి పోయారు. యామీను బతికాడు, పెరిగాడు, ప్రతి పస్కాకు తండ్రి పక్కన చివరి వరసలో కూర్చున్నాడు. వాడికి ఇవతలి పక్కన ఎప్పుడూ మత్తన్యా కూర్చునేవాడు. తిర్సా మాత్రం ఆ ఇద్దరి గోతుల దగ్గరికి పోవడం మానలేదు. ఒకడు బతికినంత మాత్రాన పోయిన ఇద్దరూ తిరిగి రారు కదా.

అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం గురువూ శిష్యుడూ ఇంటికి తిరిగి వస్తూ కొండవాలు దగ్గర ఆగారు. అక్కడ ఆ ఇద్దరు పిల్లల మీద పేర్చిన జానెడు ఎత్తు రాళ్ళ కుప్పలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మత్తన్యా ప్రతి కుప్ప మీదా ఒక చిన్న రాయి పెట్టాడు. వణికే చేతిలోంచి రెండో రాయి జారి పడితే, వంగి తీసి మళ్ళీ పెట్టాడు. అజర్యా వెనకే నిలబడి, షల్లూముతో తాను అన్న మాటలన్నీ ఒప్పుకున్నాడు. చివరికి అజర్యా, మొదట అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతులో ఆ పొగరు లేదు. నిజంగానే తెలియనివాడి గొంతు. గుర్తు లేని ఆ బిడ్డ నిబంధనలో ఉన్నట్టా, లేనట్టా? అసలు నిబంధన అంటే ఏమిటి, అయ్యా?

మత్తన్యా అతని కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తాడు. బిడ్డను తిరిగి తల్లికి ఇచ్చినప్పటినుంచీ అది వణుకుతూనే ఉంది. అజర్యా సిగ్గుపడి వెనక్కి లాక్కోబోతే ఆయన వదల్లేదు. ఆ చేతినీ తన చేతినీ పక్కపక్కన ఉంచాడు.

"ఈ వణుకు తగ్గనివ్వకు," అన్నాడు.